ఏజెంటు కాళ్లు, మీ కళ్లు

ఫ్లాటుకు టోకెన్ అడ్వాన్సు ఇచ్చి ఇంటికి చేరేలోపే ఫోన్ మోగుతుంది. "నమస్తే సార్, హోమ్ లోన్ చూస్తున్నారట కదా. ఏ బ్యాంకు కావాలన్నా మన దగ్గరుంది. డాక్యుమెంట్లు వాట్సాప్‌లో పెట్టండి చాలు, మిగతాదంతా నేను చూసుకుంటా. మీరు బ్రాంచికి రావాల్సిన పని కూడా లేదు." మీ నంబరు ఆయనకు ఎలా చేరిందో ఆయన చెప్పడు. బిల్డరు ఆఫీసులో విజిటర్ల పుస్తకంలో మీరే రాసి వచ్చి ఉంటారు.

ఈ ఫోన్ కట్ చేయమని నేను చెప్పను. ఈయనను బ్యాంకుల భాషలో డీఎస్ఏ అంటారు, డైరెక్ట్ సెల్లింగ్ ఏజెంట్. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో ఇంటి అప్పు తీసుకున్న పదిమందిని కదిపి చూడండి, ఏదో ఒక దశలో ఓ ఏజెంటు తగలనివాళ్లు తక్కువ. మంచి ఏజెంటు దొరికితే మీ సెలవులు మిగులుతాయి, కొన్నిసార్లు డబ్బూ మిగులుతుంది. అయితే ఆయన చేతికి ఒక్క కాగితం ఇచ్చే ముందు మీరు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈయన ఎవరి మనిషి?

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఇల్లు కొన్న మీ తమ్ముడు ఫోన్‌లో "బ్రోకర్‌కి అప్పజెప్పెయ్ అన్నయ్యా, వాళ్లే మంచి రేటు వెతికిపెడతారు" అని సలహా ఇవ్వవచ్చు. అతను ఉన్నచోట ఆ మాట చెల్లుతుంది. ఆస్ట్రేలియాలో మార్ట్‌గేజ్ బ్రోకరు అప్పు తీసుకునేవాడి మేలునే ముందు చూడాలని 2021 జనవరి 1 నుంచి చట్టమే ఉంది. మన దగ్గర డీఎస్ఏ ఒప్పందం చేసుకునేది బ్యాంకుతో. కమిషన్ ఇచ్చేది బ్యాంకు, అదీ లోను విడుదలయ్యాక, విడుదలైన సొమ్ములో ఇంత శాతమని లెక్కగట్టి. లోను పెద్దదైతే ఆయనకు మంచిది. తొందరగా అయితే మరీ మంచిది. కమిషన్ ఎక్కువిచ్చే సంస్థలో అయితే ఇంకేం కావాలి. మీ వడ్డీ పావు శాతం తగ్గితే మాత్రం ఆయన జేబులో పడేదేమీ లేదు. ఇందులో మోసం లేదు, ఏర్పాటే అలా ఉంది. పెళ్లిళ్ల పేరయ్య రెండిళ్ల మధ్యా చెప్పులరిగేలా తిరుగుతాడు. ముహూర్తం కుదరడం వరకే ఆయన పని, కాపురం చేయాల్సింది వధూవరులు. ఇంటి అప్పు కాపురం ఇరవై ఏళ్లు.

అందుకే ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా ఒకే విభజన మీద నడుస్తుంది. తిరగడం ఆయనకు వదిలేయండి, చూడడం మీ దగ్గరే ఉంచుకోండి.

ఎవరికి అవసరం, ఎవరికి అంతగా లేదు

భార్యాభర్తలిద్దరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, జీతాలు పెద్ద బ్యాంకులోనే పడుతున్నాయి, సిబిల్ స్కోరు 780 దాటింది, కొంటున్నది రెరా నంబరున్న ప్రాజెక్టులో ఫ్లాటు. ఇలాంటివాళ్లకు ఏజెంటుతో పెద్దగా పని లేదు. ఏ బ్యాంకైనా పిలిచి ఇస్తుంది. ఆ ప్రాజెక్టును బ్యాంకు ముందే పరిశీలించి ఆమోదించి ఉంటే (ఏపీఎఫ్ నంబరు ఉందా అని అడగండి) లీగల్ పని సగం అయిపోయినట్టే. వీళ్లకు ఏజెంటు మిగిల్చేది రెండు పూటల సెలవు మాత్రమే.

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసేవాళ్ల సంగతి వేరు. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల దుకాణం నడిపేవాళ్లదీ అంతే. బ్యాంకు ఖాతాలో లావాదేవీలు లక్షల్లో తిరుగుతాయి, ఐటీ రిటర్నులో ఆదాయం మాత్రం సన్నగా కనిపిస్తుంది. జీతగాళ్లను చూసే కళ్లద్దాలతోనే వీళ్ల ఫైలు చూసి పక్కన పడేసే బ్రాంచిలు ఉన్నాయి. ఖాతా టర్నోవరునూ జీఎస్టీ రిటర్నులనూ చూసి లెక్కగట్టే సంస్థలూ ఉన్నాయి. ఏది ఎక్కడుందో ఏజెంటుకు తెలుసు. కువైట్‌లోనో డల్లాస్‌లోనో ఉండి ఊళ్లో ఇల్లు కొనేవాళ్లకు పవర్ ఆఫ్ అటార్నీ ఏ రూపంలో కావాలో, ఏ బ్రాంచి ఎన్నారై ఫైళ్లు రోజూ చూస్తుందో తెలిసిన ఏజెంటు నిజంగానే ఆసరా. పాత అపార్ట్‌మెంటులో రీసేల్ ఫ్లాటు కొనేవాళ్ల పరిస్థితీ ఇంతే. భవనం వయసు చూసి వెనక్కి తగ్గే బ్యాంకులుంటాయి, తగ్గనివీ ఉంటాయి.

మీరు ఈ రెండో రకం అయితే ఏజెంటును పెట్టుకోండి, బతిమాలుకునే స్థితిలో మాత్రం పడకండి. ఏ బ్యాంకు తరఫున పనిచేస్తున్నారో, ఆ బ్యాంకులో ఆయన డీఎస్ఏ కోడ్ ఎంతో అడగండి. అడిగాక బ్రాంచికి మీరే ఫోన్ చేసి ఆ కోడ్ నిజమో కాదో కనుక్కోండి. ఒకే బ్యాంకు కోడ్ ఉంటే ఆయన చూపించే దారి ఒకటే. నాలుగైదు ఉంటే "నా ఫైలుకు ఈ బ్యాంకే ఎందుకు?" అని అడగండి. జవాబులో మీ ఉద్యోగం, మీ ఆస్తి, మీ వయసు గురించి మాట వినిపిస్తే ఆయనకు పని తెలుసు. "అక్కడ మనకు బాగా పరిచయం సార్" అన్న మాట ఒక్కటే వినిపిస్తే ఇంకొకరిని చూసుకోండి. శాంక్షన్ తన చేతిలో ఉందనేవాణ్ణి అసలే నమ్మకండి. అప్పు మంజూరు చేసే నిర్ణయాన్ని బ్యాంకులు బయటివాళ్లకు అప్పజెప్పకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన.

డబ్బు మాట సూటిగా. ఆయన కమిషన్ బ్యాంకు ఇస్తుంది కాబట్టి మీరు విడిగా ఇవ్వాల్సింది లేదు. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్ ఛార్జీలు ఏవైనా బ్యాంకు పేరు మీదే కట్టాలి, రసీదు తీసుకోవాలి. "లాగిన్ కోసం ఒక ఐదువేలు నా నంబరుకు ఫోన్‌పే చేయండి" అన్న మాట వినిపించిన రోజే ఆ ఏజెంటుతో మీ పని అయిపోయిందనుకోండి.

బ్యాంకు వద్దన్నప్పుడు

మన రెండు రాష్ట్రాల్లో అప్పు రావడం రాకపోవడం మీ జీతం మీద సగమే ఆధారపడుతుంది. మిగతా సగం ఆస్తి కాగితాలది. కొనేవాళ్లు ఈ సంగతిని ఆలస్యంగా తెలుసుకుంటారు. ఏజెంట్లకు మొదటి రోజు నుంచే తెలుసు.

ఫైలు లోపలికి వెళ్లాక బ్యాంకు రెండు పరిశీలనలు చేయిస్తుంది. మొదటిది లీగల్. బ్యాంకు ప్యానెల్ లాయరు లింక్ డాక్యుమెంట్లన్నీ వరసగా పేర్చి, ఎవరి నుంచి ఎవరికి ఎలా వచ్చిందో చూస్తారు, ఈసీతో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌తో) పోల్చుకుంటారు, మధ్యలో ఒక వారసుడి సంతకం లేకపోయినా ఆగుతారు. లేఅవుట్‌కు హెచ్ఎండీఏ అనుమతి ఉందా, డీటీసీపీది ఉందా, లేక పాత గ్రామ పంచాయతీ లేఅవుట్ మాత్రమేనా? లేఅవుట్ క్రమబద్ధీకరణకు ఎల్ఆర్ఎస్ కట్టారా? వ్యవసాయ భూమిని మార్పిడి చేయించారా? సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో, అంటే 22ఏలో ఉందా? రెండోది టెక్నికల్. ఇంజినీరు వచ్చి, మంజూరైన ప్లానునూ కట్టిన బిల్డింగునూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ప్లానులో లేని పై అంతస్తు, డాబా మీద వెలిసిన పెంట్‌హౌస్, మింగేసిన సెట్‌బ్యాక్, రాని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అన్నీ ఇక్కడ బయటపడతాయి. హైదరాబాదులో 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పాటయ్యాక చెరువు ఎఫ్‌టీఎల్ (నీళ్లు నిండే హద్దు), బఫర్ జోన్ అన్న మాటలు ఇల్లు కొనే ప్రతివాళ్ల నోటా వినిపిస్తున్నాయి. చెరువుకు దగ్గర్లో ఉన్న ఆస్తి అంటే బ్యాంకులూ ఒకటికి రెండుసార్లు చూస్తున్నాయి.

ఇక్కడ ఏదో ఒకచోట ఫైలు ఆగిందనుకోండి. ఏజెంటు ఫోన్ చేస్తాడు. "సార్, ఆ బ్యాంకులో లీగల్ కొంచెం స్ట్రిక్ట్. మీరేం టెన్షన్ పడకండి. ఇంకో ఫైనాన్స్ కంపెనీ ఉంది, వాళ్లు ఇవన్నీ పట్టించుకోరు. వడ్డీ ఒకటిన్నర ఎక్కువ, అంతే. వచ్చే వారానికి డిస్బర్స్ చేయించేస్తా."

మీ మొత్తం ఇంటి కొనుగోలులో అతి ముఖ్యమైన ఫోన్ ఇదే. మీ పొదుపు సొమ్ములో పెద్ద భాగం ఖర్చు కాకముందే ఒక లాయరూ ఒక ఇంజినీరూ కలిసి మీరు కొనబోయే ఇంట్లో లోపం ఎక్కడుందో వెతికిపెట్టారు. ఆ లోపం ఏమిటో తెలుసుకోకుండా ఇంకో సంస్థకు పరుగెత్తడమంటే డాక్టరు రిపోర్టు తెరవకుండానే డాక్టరును మార్చడం.

ఆ పూట మీరు చేయాల్సింది, ఏజెంటును పక్కనపెట్టి బ్రాంచికి స్వయంగా వెళ్లడం. "నా ఫైలు ఏ కారణంతో ఆగింది?" అని అడగండి. లీగల్ రిపోర్టు కాపీ ఇవ్వమనండి. ఇవ్వలేమంటే కనీసం కారణాన్ని ఈమెయిల్‌లో పెట్టమనండి. కారణాలు రెండు జాతులు. కొన్ని బ్యాంకు సౌకర్యానికి సంబంధించినవి. మీ వయసుకు ఇరవై ఏళ్ల గడువు ఇవ్వరు, ఆ ఏరియా వాళ్ల పరిధిలో లేదు, అంత పాత బిల్డింగుకు వాళ్ల పాలసీ ఒప్పుకోదు. ఇలాంటివాటికి ఇంకో బ్యాంకు చూసుకోవడంలో తప్పేమీ లేదు, ఏజెంటు పరిచయాలు అక్కరకు వచ్చేది ఇక్కడే. కొన్ని ఆస్తికి పుట్టిన జబ్బులు. లింకు డాక్యుమెంటు తెగింది, అక్కచెల్లెళ్లు సంతకం పెట్టలేదు, ప్లాను లేని అంతస్తు, నిషేధిత సర్వే నంబరు. ఇంకో సంస్థ వీటికి అప్పిచ్చినా జబ్బు అలాగే ఉంటుంది. మీరు ఎక్కువ వడ్డీ కడుతూ దాన్ని మోస్తారు, రేపు అమ్మబోతే కొనేవాడి బ్యాంకు మళ్లీ అదే కాగితం దగ్గర ఆగుతుంది. ఈ రెండో జాతి కారణం కనిపిస్తే అమ్మేవాళ్లను సరిచేసి తెమ్మనండి. కుదరకపోతే అడ్వాన్సు వదులుకోవాల్సి వచ్చినా వదులుకోవడమే లాభమని నా అభిప్రాయం. అందుకే టోకెన్ ఇచ్చేటప్పుడే "లీగల్ కారణంతో బ్యాంకు లోను నిరాకరిస్తే అడ్వాన్సు పూర్తిగా వాపసు" అని ఒక వాక్యం రాయించుకోవాలి. బతిమాలైనా, గొడవపడైనా రాయించుకోండి.

దీనికి రెండో వైపూ ఉంది. బ్యాంకు లోను ఇచ్చిందంటే టైటిల్ పక్కా అని ఏజెంటూ అంటాడు, బిల్డరూ అంటాడు. ప్యానెల్ లాయరు చూసేది బ్యాంకు సొమ్ము తిరిగి వస్తుందా లేదా అన్నంత మేరకే. మీరు పెట్టే సొంత డబ్బు, మీ పిల్లలకు మిగలాల్సిన ఇల్లు ఆ లెక్కలో లేవు. జీవితకాలపు సంపాదన పెడుతూ సొంత లాయరు ఫీజు దగ్గర వెనకాడేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

అంకెల దగ్గర

"సార్, మొత్తం మేం చేయిస్తాం, మీ జేబులోంచి పెద్దగా తీయక్కర్లేదు." ఈ మాటను రిజర్వ్ బ్యాంకు నిబంధన పక్కన పెట్టి చూడండి. లోను 30 లక్షల లోపైతే ఆస్తి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల మధ్యైతే 80 శాతం వరకు, 75 లక్షలు దాటితే 75 శాతం వరకే బ్యాంకు ఇవ్వగలదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు మామూలుగా ఆ విలువలో కలవవు. 80 లక్షల ఫ్లాటుకు గరిష్ఠంగా వచ్చేది 64 లక్షలు. మిగతా 16 లక్షలు మీవి. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం వేసుకుంటే ఇంకో 6 లక్షలు. అంటే 22 లక్షలు చేతిలో లేకుండా ఆ ఫ్లాటు వైపు చూడకూడదు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ అదనం, ఇంటీరియర్లు, షిఫ్టింగు లెక్కలోకే రాలేదు. ధర 50 లక్షలకు తగ్గకపోతే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములో ఒక శాతం టీడీఎస్ మీరే పట్టి కట్టాలి. ఏజెంట్లు దీన్ని గుర్తుచేయరు, వాళ్ల పని కాదు కూడా.

ఈ 22 లక్షల గుంతను ఏజెంటు పూడ్చే పద్ధతులు తెలుసుకోవాలి. ఒకటి, పక్కనే ఒక పర్సనల్ లోను. దాని వడ్డీ ఇంటి అప్పు వడ్డీకి చాలా పైన ఉంటుంది, రెండు ఈఎంఐలు కలిసి జీతంలో సగం మింగుతాయి. రెండు, అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌లో ధర పెంచి రాయించడం. 80 లక్షల ఫ్లాటును కోటి అని రాసి, కోటి మీద లోను అడగడం. ఇది సర్దుబాటు కాదు, బ్యాంకును మోసం చేయడం, సంతకం మీది. "పే స్లిప్పు కాస్త మారుద్దాం సార్", "ఐటీఆర్ మా ఆడిటర్ వేసి పెడతాడు" అన్న మాటలూ ఈ కోవలోవే. కేసు అయితే దరఖాస్తు మీద ఉన్న మీ పేరే ముందు కనిపిస్తుంది. ఏజెంటు అప్పటికి నంబరు మార్చి ఉంటాడు.

ఇక వడ్డీ. 50 లక్షలు, ఇరవై ఏళ్లు, 8.5 శాతం అనుకుంటే నెలకు సుమారు 43,400. అదే 8.75 అయితే సుమారు 44,200. నెలకు ఎనిమిది వందలే కదా అనిపిస్తుంది. రేటు మారకపోతే ఇరవై ఏళ్లలో అది దాదాపు లక్షా తొంభై వేలు. అందుకే ఏజెంటు తెచ్చిన రేటును, మీ జీతం పడే బ్యాంకులో మీరే వెళ్లి అడిగిన రేటుతో పోల్చకుండా ఒప్పుకోకండి.

రేటు కంటే ముందు అది దేనికి కట్టి ఉందో అడగండి. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ ఇంటి అప్పులు రెపో రేటు లాంటి బయటి కొలమానానికి ముడిపడి ఉండాలి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ నిబంధన లేదు. వాళ్లు సొంత ప్రైమ్ లెండింగ్ రేటు పెట్టుకుంటారు. రెపో తగ్గినప్పుడు మీ వడ్డీ అంతే వేగంగా దిగాలని లేదు. ఏజెంటు రెండింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి "రేటు సేమే సార్" అంటాడు. ఇవాళ సేమే.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఇన్సూరెన్సు దగ్గర. శాంక్షన్ అయ్యాక, సంతకాల రోజున, ఒక ఫారం మధ్యలో దూరుతుంది. "ఇది కంపల్సరీ సార్, లోనుకు రక్షణ." ఒకేసారి కట్టే ప్రీమియం రెండు లక్షలనుకోండి, దాన్ని మీ జేబులోంచి అడగరు, లోనులోనే కలిపేస్తారు. నొప్పి తెలియదు. ఇరవై ఏళ్లు 8.5 శాతానికి ఆ రెండు లక్షలు నాలుగు లక్షల పదహారు వేలవుతాయి. అప్పు తీసుకున్న మనిషికి జీవిత బీమా ఉండాలనడంలో నాకు రెండో మాట లేదు. ఆ బీమాను మీరు బయట టర్మ్ పాలసీగా తీసుకుని, ఏడాదికోసారి కట్టుకోవచ్చు. పోల్చి చూస్తే చాలామందికి అదే చవక. ఆ పాలసీనే కొనాలని, లేకుంటే లోను లేదని బ్యాంకు అనకూడదు. "ఇది తప్పనిసరి అని మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వండి" అని మర్యాదగా అడిగి చూడండి. ఆ ఫారం మెల్లగా పక్కకు వెళ్లిపోతుంది.

ఈ లెక్కలన్నిటినీ ఒకచోట చూపించే కాగితం ఇప్పుడు మీ హక్కు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ అప్పులన్నిటికీ కీ ఫాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. వడ్డీ, ఫీజులు, బీమా లాంటి ఖర్చులు కలుపుకుని ఏడాదికి అసలు ఎంత పడుతుందో ఏపీఆర్ అనే ఒక్క అంకెలో అందులో ఉంటుంది. కనీసం మూడు పని దినాలు ఆ షరతులకు బ్యాంకు కట్టుబడి ఉండాలి, మీరు ఇంటికి తీసుకెళ్లి చదువుకోవడానికే ఆ గడువు. రెండు బ్యాంకుల ఏపీఆర్‌లు పక్కపక్కన పెట్టుకుంటే ఏజెంటు మాటలతో పని ఉండదు. ఏజెంటు "ఇవాళే సంతకం, రేపైతే ఆఫర్ పోతుంది" అన్నప్పుడు ఆ మూడు రోజుల మాట గుర్తుచేయండి.

మీ కాగితాలు, మీ స్కోరు

వాట్సాప్‌లో పంపిన పాన్, ఆధార్ కాపీలు ఎన్ని ఫోన్లు తిరుగుతాయో ఎవరూ చెప్పలేరు. పంపే ప్రతి కాపీ మీద అడ్డంగా "ఫలానా బ్యాంకు గృహ రుణం కోసం మాత్రమే" అని తేదీతో రాయండి. అంకెలు కొన్ని దాచిన మాస్క్‌డ్ ఆధార్ సరిపోయేచోట అదే ఇవ్వండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు వద్దు, ఓటీపీ చెప్పడం అంతకంటే వద్దు.

చాలామందికి తెలియని నష్టం ఇంకోటుంది. ఏజెంటు తన సౌకర్యం కోసం మీ ఫైలును ఒకేసారి ఐదారు చోట్ల లాగిన్ చేస్తాడు, ఎక్కడ ముందు పండితే అక్కడికి. ప్రతిచోటా మీ క్రెడిట్ రిపోర్టు తీస్తారు, ప్రతి విచారణా నమోదవుతుంది. తక్కువ రోజుల్లో అలాంటివి పోగుపడితే, వీళ్లను అందరూ కాదంటున్నారేమో అన్న అనుమానం తరవాతి బ్యాంకుకు కలుగుతుంది, స్కోరూ కాస్త దిగుతుంది. "నా మెసేజ్ లేకుండా ఎక్కడా లాగిన్ చేయవద్దు" అని మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి. రెండు చోట్ల చాలు. అంతకు ముందే మీ రిపోర్టు మీరే తీసుకుని చూసుకోండి. సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. ఎప్పుడో మూసేసిన క్రెడిట్ కార్డు మీద రెండు వందల బాకీ వేలాడుతూ కనిపించడం అరుదేం కాదు. ఫ్లాటు వెతకడం మొదలుపెట్టిన నెలలోనే దాన్ని సరిచేయించుకుంటే మంచిది.

డబ్బు విడుదలయ్యే రోజుల్లో

కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు సొమ్ము విడతలుగా వెళ్లాలి. పని ఏ దశకు వస్తే ఆ దశకు తగినంతే ఇవ్వమని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఏజెంటు కమిషన్ విడుదలైన సొమ్ము మీద వస్తుంది, బిల్డరుకు డబ్బు తొందర. ఈ రెండు తొందరల మధ్య మీకొచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది. "సార్, నాలుగో స్లాబ్ డిమాండ్ లెటర్ వచ్చింది, ఒక సంతకం పెట్టి పంపండి." పంపే ముందు సైటుకు వెళ్లండి. మూడో స్లాబుకు ఇంకా సెంట్రింగు కడుతున్న చోట నాలుగో స్లాబు సొమ్ము విడుదలైతే, ఆ రోజు నుంచే దాని మీద ప్రీ-ఈఎంఐ వడ్డీ మీ ఖాతాలోంచి పోతుంది. దూరంలో ఉంటే బావమరిదినైనా పంపి ఫోటో తెప్పించుకోండి. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదని రెరా చట్టంలో ఉంది. రెరా నంబరే లేని ప్రీ-లాంచ్ బేరానికి బ్యాంకు లోను రాదని ఏజెంటుకూ తెలుసు. అక్కడ ఆయన పర్సనల్ లోను మాట ఎత్తితే ఆ ప్రాజెక్టు గురించి అంతకు మించిన సర్టిఫికెట్ మీకు అక్కర్లేదు.

రిజిస్ట్రేషనై, ఒరిజినల్స్ బ్యాంకుకు చేరినరోజు ఏజెంటు పని పూర్తయినట్టే, మీది కాదు. ఇచ్చిన ప్రతి డాక్యుమెంటు పేరూ నంబరూ రాసిన జాబితాను బ్యాంకు ముద్రతో తీసుకోండి, ఏజెంటు చేతికిచ్చి "బ్యాంకులో ఇచ్చేయండి" అనకండి. ఇరవై ఏళ్ల తరవాత ఆ జాబితాతోనే పని. అప్పు తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ వెనక్కి ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీకు చెల్లించాలని 2023 డిసెంబరు 1 నుంచి నిబంధన ఉంది. ఏజెంటు చెప్పిందొకటి, కాగితంలో ఉన్నదొకటి అయితే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఏజెంటు చేసిన పనికి తనకు సంబంధం లేదని బ్యాంకు తప్పించుకోలేదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు రాయాలి.

ఏడాదో రెండేళ్లో గడిచాక అదే ఏజెంటు మళ్లీ ఫోన్ చేస్తాడు. "సార్, ఇంకో బ్యాంకులో పావు శాతం తక్కువ ఉంది, టేక్‌ఓవర్ చేయిద్దాం, పైన టాపప్ కూడా వస్తుంది." లోను ఇల్లు మారితే ఆయనకు మళ్లీ కమిషన్. మీరు మారినా తప్పు పట్టేవాళ్లెవరూ లేరు, ఫ్లోటింగ్ రేటు ఇంటి అప్పును ముందే తీర్చేస్తే వ్యక్తుల దగ్గర పెనాల్టీ వసూలు చేయకూడదు, కాబట్టి వెళ్లిపోయే స్వేచ్ఛ మీకుంది. ఖర్చు కొత్త బ్యాంకు దగ్గర మొదలవుతుంది. మళ్లీ ప్రాసెసింగ్ ఫీజు, మళ్లీ లీగల్, మళ్లీ టైటిల్ డీడ్ల డిపాజిట్ రిజిస్ట్రేషన్. 45 లక్షలు, పదిహేడేళ్లు మిగిలి ఉంటే 8.75 నుంచి 8.5కు దిగడం వల్ల నెలకు మిగిలేది సుమారు 680 రూపాయలు. ఖర్చులన్నీ కలిపి 30,000 అనుకుంటే అవి తిరిగి రావడానికే మూడున్నరేళ్లు దాటుతుంది. గడువును మళ్లీ ఇరవై ఏళ్లకు సాగదీస్తే మిగులు మాట అటుంచి, మొత్తం మీద ఎక్కువే కడతారు. తేడా ముప్పావు శాతమో ఒక శాతమో అయితే ఆలోచించదగ్గ బేరం. అప్పుడైనా ఫైలు కదిలించే ముందు మీ పాత బ్యాంకుకు ఒక ఈమెయిల్ పెట్టండి, ఇప్పుడు కొత్తవాళ్లకు ఇస్తున్న రేటు నాకూ వేయడానికి ఎంత కన్వర్షన్ ఫీజు తీసుకుంటారని. చాలాసార్లు ఆ ఫీజు టేక్‌ఓవర్ ఖర్చులో చిన్న భాగమే ఉంటుంది.